బ్రౌనింగ్ ఆటో-5 (12 బోరు): తయారైన సంవత్సరం తెలుసుకోవడం, తేలిక తూటాకూ బరువు తూటాకూ రింగులు మార్చడం

డాలస్ ట్రాప్
అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక ఎస్టేట్ సేల్‌లో (చనిపోయినవారి సామాను అమ్మకం) కొన్న ఆటో-5, అంటే తూటాను తనంతట తానే ఎక్కించుకునే షాట్‌గన్, గురించి అడుగుతున్నాను. రిసీవర్ (తుపాకీ నడుమ ఇనుప పెట్టె) కింద, తూటాలు ఎక్కించే చోటుకు ముందు, 2జి అని ఉండి తర్వాత అయిదు అంకెలు ఉన్నాయి. బ్యారెల్ మీద "బ్రౌనింగ్ ఆర్మ్స్ కంపెనీ, సెయింట్ లూయిస్ మిస్సోరీ అండ్ మాంట్రియల్ పి.క్యూ." అని ఉంది. ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) దగ్గర రెండు చుక్క గుర్తులు (**) కొట్టి ఉన్నాయి.

ట్రాప్‌కు (గాలిలోకి విసిరే మట్టి పళ్ళేలను కొట్టే ఆట) 1⅛ ఔన్సు గుళ్ళు, 2¾ డ్రామ్ (మందు బలం కొలత) తూటాలు వాడితే ఖాళీ డొప్ప బయటపడక బోల్టులో (తూటా వెనక మూసే ముక్క) నిలువుగా ఇరుక్కుంటోంది. 1¼ ఔన్సు ఫెజెంట్ (అడవి కోడి లాంటి వేట పక్షి) తూటాలకు ఏ ఇబ్బందీ లేదు. కావలసినవి మూడు: ఇది ఏ సంవత్సరంది, రింగులు ఎలా పెట్టాలి, బాతులకు స్టీలు గుళ్ళు వాడొచ్చా.

లియేజ్ ముద్ర
సంవత్సరం నేను చెబుతాను. 1958 నుంచి 1967 దాకా ఆటో-5 నంబరులో ముందు ఒక అంకె, తర్వాత ఒక అక్షరం ఉంటాయి. అంకె సంవత్సరంలో ఆఖరి అంకె, అక్షరం మోడల్. 8 అంటే 1958, 0 అంటే 1960, 2 అంటే 1962. జి అంటే లైట్ ట్వెల్వ్. కాబట్టి మీది 1962 లైట్ ట్వెల్వ్, బెల్జియం హెర్స్టాల్‌లో ఎఫ్ఎన్ కర్మాగారంలో తయారైంది.

తక్కిన అక్షరాలు: ఎం మామూలు 12, వి మూడంగుళాల 12 మాగ్నమ్, ఎస్ స్వీట్ సిక్స్టీన్, ఆర్ మామూలు 16, జడ్ 20 బోరు, ఎక్స్ 20 మాగ్నమ్.

1968 నుంచి సంవత్సరానికి రెండంకెలు: 68జి, 69జి ఇలా. 1976 ప్రాంతం నుంచి తయారీ జపాన్‌లో మిరోకు వారికి మారింది, సంవత్సరం రెండక్షరాలయింది. ఆ పట్టీ: జడ్ 1, వై 2, ఎక్స్ 3, డబ్ల్యూ 4, వి 5, టి 6, ఆర్ 7, పి 8, ఎన్ 9, ఎం 0. అంటే పి-జడ్ ఉంటే 81, ఆర్-ఎన్ ఉంటే 79. జడ్, ఎక్స్, వి, ఆర్, ఎం ఈ రెండు పట్టీల్లోనూ ఉన్నాయి, వేరువేరు అర్థాలతో. చాలామంది తప్పేది అక్కడే.

అంకె లేకుండా అక్షరంతోనే మొదలైతే 1958 కంటే ముందుది. వాటికి అక్షరం ఒక్కటే చాలదు, వెనక ఉన్న నంబరు ఏ సంవత్సరపు వరుసలో వస్తుందో బ్రౌనింగ్ పట్టికలో చూడాలి. యుద్ధకాలపువి వేరే కథ. బెల్జియం జర్మనీ చేతిలోకి పోయాక అమెరికాలో రెమింగ్టన్ చేసిన తుపాకులు అవి. వాటి మీద ఎ అంటే 16, బి అంటే 12, సి అంటే 20 బోరు.

పాత బ్యారెల్
లియేజ్ ముద్ర గారు చెప్పినది సరైనదే, అయితే ఆ నంబరు రిసీవర్‌ది మాత్రమే. ఏ తూటా వాడాలో నిర్ణయించేది బ్యారెల్. అరవయ్యేళ్ళలో ఆటో-5 బ్యారెళ్ళు చేతులు మారుతూ వచ్చాయి, 1962 రిసీవర్ మీద 1950ల బ్యారెల్ ఉండటం మామూలే. అందుకే బ్యారెల్ మీది చిరునామా కూడా చదవాలి. ఒక్క సెయింట్ లూయిస్ అనే ఉంటే సుమారు 1958 దాకా. సెయింట్ లూయిస్‌తో పాటు మాంట్రియల్ ఉంటే 1959 నుంచి 1968 దాకా. మోర్గన్, యూటా అని ఉంటే 1969 తర్వాత. డాలస్ గారి బ్యారెల్ ఆ రిసీవర్ కాలానిదే.

చోక్ (మూతి దగ్గర బ్యారెల్ సన్నబడే కొలత) తెలిపే చుక్కల పట్టీ ఇదీ: * ఫుల్ చోక్, *- ఇంప్రూవ్డ్ మోడిఫైడ్, ** మోడిఫైడ్, **- ఇంప్రూవ్డ్ సిలిండర్, **$ స్కీట్, *** సిలిండర్. మీది మోడిఫైడ్ అన్నమాట. కానీ ఎవరైనా తర్వాత చోక్ తెరిపించి ఉంటే గుర్తు మారదు. నమ్మకం కావాలంటే గన్‌స్మిత్ చేత బోర్ గేజీతో కొలిపించండి.

ఇంకో ముఖ్యమైన సంగతి ఛాంబర్ పొడవు. అమెరికాకు వచ్చిన 12 బోరుకు 2¾ అంగుళాలు, అంటే 70 మి.మీ. ఐరోపా మార్కెట్‌కు ఎఫ్ఎన్ పంపిన వాటిలో 65 మి.మీ. ఛాంబర్లు ఉంటాయి. యుద్ధానికి ముందటి 16 బోరు ఆటో-5కి 2 9/16 అంగుళాలే. అలాంటి ఛాంబర్‌లో 2¾ తూటా పెడితే పట్టేస్తుంది, మోసం అక్కడే ఉంది. పేలాక తూటా నోటి మడత విప్పుకోవడానికి చోటు లేక ఆ నోరు కోన్‌లోకి (ఛాంబర్ ముందు సన్నబడే చోటు) పోయి పీడనం పెరుగుతుంది. పైగా డొప్ప బయటికి దూకే కిటికీకి పొడవు చాలదు. ఛాంబర్ ఒక్కటీ తొలిపిస్తే పని అయిపోదు, రిసీవర్ లోపలి పని కూడా ఉంటుంది.

కంచు రింగు
ఇప్పుడు రింగుల సంగతి. పద్ధతి కంఠస్థం చేస్తే మర్చిపోతారు, ఎందుకో తెలిస్తే మర్చిపోరు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఆటో-5 లాంగ్ రికాయిల్ తుపాకీ. పేల్చగానే బ్యారెలూ బోల్టూ ఒకదానికొకటి తాళం పడి ఉండగానే కలిసి వెనక్కి పూర్తిగా పోతాయి. వెనక బోల్టు ఆగిపోతుంది, బ్యారెల్ ఒక్కటే ముందుకు వస్తుంది. ఆ రావడంలోనే డొప్ప ఛాంబర్‌లోంచి ఊడి బయటికి పోతుంది. తర్వాత బోల్టు కొత్త తూటాతో ముందుకొస్తుంది. మ్యాగజైన్ ట్యూబు చుట్టూ ఉన్న పెద్ద స్ప్రింగు బ్యారెల్‌ను ముందుకు తోసేది. అయితే వెనక్కి వచ్చే బ్యారెల్‌ను ఆపడానికి స్ప్రింగు ఒక్కటీ చాలదు, బ్రేకు కావాలి. ఆ బ్రేకే కంచు ముక్క.

కంచు ముక్క చీలిక ఉన్న రింగు. దాని పని ట్యూబును బిగించి పట్టుకోవడం. బ్యారెల్ కింద ఉన్న రింగు లోపల ఏటవాలు ఉంటుంది, అది కంచు ముక్క ముందు అంచును నొక్కుతుంది. స్టీలు రింగుకూ ఒక వైపు లోపల ఏటవాలు ఉంది, రెండో వైపు చదును. ఆ ఏటవాలు కంచు ముక్క వెనక అంచును నొక్కితే రెండు పక్కలా బిగుస్తుంది. ఇదే బరువు తూటాల అమరిక. స్టీలు రింగు తీసేస్తే ఒక్క పక్కే బిగుస్తుంది, రాపిడి సగమవుతుంది. ఇదే తేలిక తూటాల అమరిక.

రిసీవర్ నుంచి మొదలుపెట్టి ముందుకు చదవండి.

బరువు తూటాలకు: రిసీవర్, స్ప్రింగు, స్టీలు రింగు (చదును వైపు స్ప్రింగుకు, ఏటవాలు కంచుకు), కంచు ముక్క, బ్యారెల్ రింగు.

తేలిక తూటాలకు: రిసీవర్, స్టీలు రింగు, స్ప్రింగు, కంచు ముక్క, బ్యారెల్ రింగు. స్టీలు రింగు అక్కడ ఏ పనీ చేయదు, పోకుండా దాచుకునే చోటు అది. దాన్ని డ్రాయర్‌లో పెడితే ఏదో ఒకనాడు పోతుంది, ట్యూబు మీదే ఉంచండి.

డాలస్ గారూ, మీ ట్యూబు మీద స్టీలు రింగు స్ప్రింగుకు ముందు ఉందా, వెనక ఉందా చూసి చెప్పండి. ముందు ఉంటే సంగతి తేలిపోయినట్టే.

డాలస్ ట్రాప్
ముందు ఉంది. స్ప్రింగు, స్టీలు, కంచు, బ్యారెల్ రింగు. ఏటవాలు కంచు వైపే ఉంది. విప్పేటప్పుడు జాగ్రత్తలు ఏవైనా ఉన్నాయా? నేను బ్యారెల్ తీయకుండానే ముందు కర్ర (బ్యారెల్ కింద చేత్తో పట్టుకునే చెక్క) తీసి చూశాను.

కంచు రింగు
అయితే అది బరువు అమరిక. 1⅛ ఔన్సు, 2¾ డ్రామ్ తూటా, అంటే 32 గ్రాముల గుళ్ళు సుమారు 1145 అడుగుల వేగంతో, ఆ రెండు పక్కల బిగింపును దాటి బ్యారెల్‌ను పూర్తిగా వెనక్కి నెట్టలేకపోతోంది. బోల్టు సగంలో తిరిగి వస్తే డొప్ప ఇరుక్కుంటుంది.

విప్పడం ఇలా:

1. బోల్టు వెనక్కి లాగి తాళం వేయండి. ఛాంబర్ కంటితో చూడండి, మ్యాగజైన్‌లో వేలు పెట్టి చూడండి. రెండూ ఖాళీ అని తేలేదాకా ముందుకు పోవద్దు.
2. బట్టు (భుజానికి ఆనే చెక్క) నేల మీద ఒక గుడ్డ మీద ఆనించి, బ్యారెల్‌ను కొంచెం కిందికి, అంటే వెనక్కి నొక్కి పట్టుకోండి. ముందు కర్ర మీది ఒత్తిడి పోతుంది. మూతి మీ ముఖానికి ఎదురుగా రాకుండా పక్కకి ఉంచండి.
3. మ్యాగజైన్ మూత విప్పండి. బ్యారెల్‌ను నెమ్మదిగా పైకి వదలండి. ముందు కర్ర, ఆ తర్వాత బ్యారెల్ ముందుకు లాగితే వస్తాయి.
4. బ్యారెల్ లేనప్పుడు బోల్టు వదిలే బొత్తాం నొక్కవద్దు. ముందు ఆపడానికి బ్యారెల్ లేక బోల్టు రిసీవర్‌ను గుద్దుతుంది, వేలు ఉంటే నలిగిపోతుంది.
5. కంచు ముక్క, స్టీలు రింగు, స్ప్రింగు వరుసగా తీసి బల్ల మీద అదే వరుసలో పేర్చండి. ఫోటో తీసుకోండి.

తిరిగి పెట్టేటప్పుడు మూతను గట్టిగా బిగించాలి. మూత వదులైతే కర్ర వెనక్కీ ముందుకీ కదిలి పగులుతుంది.

పాత బ్యారెల్
ఒక ముక్క కలుపుతాను. స్టీలు రింగు తిరగేసి, అంటే చదును వైపు కంచుకు పెట్టినవి చాలా చూస్తాం. ఆ రింగు కంచును బిగించదు, కాబట్టి తేలిక అమరిక అయిపోతుంది. వాడేవాళ్ళకు మాత్రం బరువు అమరిక అనిపిస్తుంది. దాని మీద 1¼ ఔన్సు తూటాలు పేలిస్తే ప్రతిసారీ బ్యారెల్ వెనక గుద్దుతుంది. కాబట్టి స్థానం చూడటం చాలదు, ఏ ముఖం ఎటు తిరిగి ఉందో కూడా చూడాలి. రింగును వేలి చివర మీద పెట్టి లోపలి అంచును గోటితో తడిమితే ఏటవాలు ఏ పక్కన ఉందో తెలిసిపోతుంది.

స్ప్రింగు పెద్దన్న
బరువు తూటాలకు బలమైన స్ప్రింగు వేయించుకోవచ్చు కదా, రింగులతో ఈ గొడవ ఎందుకు? తేలిక వాటికి రెండు చుట్లు కోసేస్తే సరిపోతుందని ఎక్కడో చదివాను.

కంచు రింగు
వద్దండీ. కోసిన స్ప్రింగు ఆఖరి చుట్టు చదునుగా కూర్చోదు, కంచును ఒక పక్క ఒత్తి ట్యూబును గీస్తుంది. పైగా బ్యారెల్ ముందుకు వచ్చే వేగం తగ్గి డొప్పను విసరదు. బలమైన స్ప్రింగు వేస్తే తేలిక తూటాలకు మరీ పనిచేయదు, ముందుకొచ్చేటప్పుడు బ్యారెల్ కర్రను ఎక్కువ బలంగా కొడుతుంది. ఈ తుపాకీ అమరిక అంతా స్ప్రింగు ఒకటే బలంతో ఉండి, బ్రేకు మాత్రం మారేలా రూపొందించింది. అరిగిన స్ప్రింగును అదే మోడల్‌ది కొత్తది తెచ్చి పక్కన పెట్టి కొలవండి. కనబడేంత కురచయితే మార్చండి. అది వినియోగ వస్తువు, చౌకైంది.

నూనె సంగతి కూడా చెప్పనివ్వండి. ట్యూబు మీద నూనె పూసి గుడ్డతో తుడిచేస్తే మిగిలే పొరే చాలు. నూనె ఎక్కువ పూస్తే కంచు జారుతుంది, బరువు తూటాకు బ్రేకు పడదు, తుపాకీ భుజాన్ని గట్టిగా కొడుతుంది. పూర్తిగా ఎండిపోతే తేలిక తూటాలకు బ్యారెల్ ఆగిపోతుంది. గ్రీసు అసలే వద్దు.

డాలస్ ట్రాప్
స్టీలు రింగు రిసీవర్ దగ్గరికి మార్చాను. 1⅛, 3 డ్రామ్ వి పాతిక పేలిస్తే ఒక్కటీ ఆగలేదు. 2¾ డ్రామ్ వీ బాగున్నాయి. ఒక ఔన్సు తూటాల్లో అయిదింటికి ఒకటి ఇరుక్కుంటోంది. డొప్పలు రెండు అడుగుల దూరంలోనే పడుతున్నాయి. ముందు కర్ర వెనక అంచున సన్నని పగులు కూడా కనబడింది.

మినియాపొలిస్ స్కీట్
ఒక ఔన్సు, అంటే 28 గ్రాములవి ఆటో-5కి సరిహద్దులో ఉన్నవి. 24 గ్రాములవైతే ఆశించవద్దు. కానీ 2¾ డ్రామ్ వి నడుస్తూ ఔన్సువి అప్పుడప్పుడూ ఆగుతుంటే, ముందు మడ్డి చూడాలి. రెండు చోట్ల ఉంటుంది. ఒకటి మ్యాగజైన్ ట్యూబు. దాన్ని సాల్వెంట్‌తో తుడిచి, మొండి మరకలుంటే అతి సన్నని 0000 స్టీలు ఊలుతో రుద్దితే నునుపవుతుంది. రెండోది అందరూ మరిచేది: బట్టులోని యాక్షన్ స్ప్రింగు ట్యూబు. బోల్టును ముందుకు తోసే స్ప్రింగు అందులో ఉంటుంది. అరవయ్యేళ్ళ నూనె అందులో గోధుమ రంగు జిగురై ఉంటుంది. బోల్టు వెనక్కి వచ్చేటప్పుడు అదే అడ్డు. బట్టు తీయాలంటే టాంగ్ (రిసీవర్ వెనక తోకలాంటి ఇనుప పట్టీ) మీది స్క్రూ విప్పాలి. ఆ స్క్రూ తల గీత సన్నం, దానికి సరిపోయేలా నూరిన స్క్రూడ్రైవరే వాడండి. మామూలుది వాడితే తల చెడిపోతుంది. కొన్న రోజే విలువ పోయేది అక్కడే.

బట్టు తీసినప్పుడు చెక్కకు ఆనిన ఇనుము మీద తుప్పు ఉందేమో చూడండి. 1960ల చివర నుంచి 1970ల మొదటి దాకా బ్రౌనింగ్ వారికి ఉప్పుతో ఆరబెట్టిన చెక్క సమస్య ఉంది. ఆటో-5లో అరుదే. మీది 1962ది కాబట్టి భయం లేదు, కానీ ఎవరైనా తర్వాత బట్టు మార్చి ఉండవచ్చు.

పాత బ్యారెల్
పగులు సంగతి. అది ఒకరోజు వచ్చేది కాదు. చూడాల్సింది రిసీవర్ లోపల వెనక గోడకు రివెట్ చేసిన ఫైబరు బఫరు. అది ఎండి ముక్కలయినా, ఊడిపోయినా బోల్టు నేరుగా ఇనుముకు తగులుతుంది. టార్చ్‌తో చూస్తే కనబడుతుంది. కొత్తది వేయించడం గన్‌స్మిత్ పని, రివెట్ కాబట్టి.

కర్రకు: నూనె పీల్చిన చెక్కకు జిగురు పట్టదు. ముందు పగులులో ఎసిటోన్ పోసి గుడ్డ పెట్టి రాత్రంతా ఉంచండి, నూనె గుడ్డకు ఎక్కేదాకా రెండు మూడుసార్లు చేయండి. తర్వాత పల్చటి ఎపాక్సీని కొంచెం వేడి చేసి పగులులోకి పోనిచ్చి రబ్బరు పట్టీలతో చుట్టండి. లోపలి వైపు గ్లాసు గుడ్డ పొర ఒకటి ఎపాక్సీతో అతికించవచ్చు, కానీ అది స్ప్రింగుకు తగలకుండా ఉండాలి. తగిలితే పని మళ్ళీ మొదటికే.

నల్లగొండ 12 బోరు
కొత్త వాళ్ళకు తెలిసేలా, డొప్ప ఎంత దూరం పడితే సరిగ్గా ఉన్నట్టు?

కంచు రింగు
రెండు మూడు మీటర్ల దగ్గర పడితే బాగున్నట్టు. కాళ్ళ దగ్గర పడితే బ్రేకు ఎక్కువ, లేదా మడ్డి. అయిదారు మీటర్లు ఎగిరితే బ్రేకు తక్కువ, ఆ తూటాకు బరువు అమరికకు మారండి. భుజానికి రెండు దెబ్బలు వేరుగా తెలుస్తుంటే, మొదటిది పేలుడుది, రెండోది బ్యారెల్ వెనక తగిలింది. ఆ రెండోది పదునుగా ఉంటే వెంటనే ఆపి రింగులు చూడండి.

నా లెక్క: 1⅛ ఔన్సు 3 డ్రామ్ దాకా తేలిక అమరిక. 3¼ డ్రామ్ మొదలు, 1¼ ఔన్సు ఏదైనా బరువు అమరిక. నడుమ అనుమానం వస్తే బరువు అమరికతో మొదలుపెట్టండి. తూటా నడవకపోతే రెండు నిమిషాల పని, కర్ర పగిలితే వారం పని.

లియేజ్ ముద్ర
మూడంగుళాల మాగ్నమ్ ఉన్నవాళ్ళు ఈ పట్టీ వాడవద్దు. 1958లో వచ్చిన 12 మాగ్నమ్‌లో కంచు ముక్కలు రెండు. దాని అమరిక దాని పుస్తకంలో చూడండి. మాగ్నమ్ బ్యారెల్ మామూలు 12 రిసీవర్‌కు ఎక్కించవద్దు. తేలిక ట్రాప్ తూటాలతో మాగ్నమ్ నడవకపోతే అది తుపాకీ లోపం కాదు, అది చేసిందే బరువు తూటాలకు.

డాలస్ ట్రాప్
కొత్త స్ప్రింగు ఆర్డర్ చేశాను, బట్టు విప్పించడానికి గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇక మిగిలింది స్టీలు గుళ్ళు.

పాత బ్యారెల్
బెల్జియం బ్యారెల్‌లో స్టీలు వద్దు. బ్రౌనింగ్ వారి మాట కూడా అదే. సీసం మెత్తన, చోక్‌లో నలిగి ఇముడుతుంది. స్టీలు నలగదు. చోక్ మొదలయ్యే చోట బ్యారెల్ ఉబ్బి బయటికి సన్నని ఉంగరంలా కనబడుతుంది. ఆ ఉబ్బు మళ్ళీ పోదు. అమెరికాలో 1991 నుంచి నీటి పక్షుల వేటకు దేశమంతా సీసం నిషేధం, కాబట్టి ఈ ప్రశ్న ప్రతి పాత తుపాకీకీ వస్తుంది.

మీకు రెండు దారులు. ఒకటి, బిస్మత్ గుళ్ళు. సీసానికి దగ్గరగా మెత్తన, మోడిఫైడ్ బెల్జియం బ్యారెల్‌కు సరిపోతుంది, ఖరీదు ఎక్కువ. రెండోది, ఇన్వెక్టర్ (విప్పి మార్చుకునే) చోక్ ఉన్న మిరోకు బ్యారెల్ కొనడం. లైట్ ట్వెల్వ్ 2¾ ది చూడండి, మాగ్నమ్‌ది కాదు. సాధారణంగా బెల్జియం రిసీవర్‌కు ఎక్కుతుంది, కర్ర లోపల కొంచెం రుద్దాల్సి రావచ్చు. అసలు కర్రను రుద్దకండి, ఇంకో కర్ర కొని దాన్ని ఆ బ్యారెల్‌కు సరిచేయించండి. అసలు బ్యారెల్‌కు చోక్ గొట్టాలు వేయించడానికి ముందు గోడ మందం కొలిపించాలి. ఆ బ్యారెళ్ళు మూతి దగ్గర పల్చన.

ఇంకో మాట, వలస పక్షుల వేటకు మొత్తం మూడు తూటాలే పట్టాలి. మ్యాగజైన్‌లో చెక్క ప్లగ్ ఉందో లేదో చూసుకోండి. నాలుగూ ఒకటీ పట్టే తుపాకీ ఇది, ఎస్టేట్ సేల్ వాటిలో ఆ ప్లగ్ ఎవరో తీసేసి ఉంటారు.

నల్లగొండ 12 బోరు
ఇండియాలో పాత లైసెన్సుల మీద ఉన్న ఎఫ్ఎన్ ఆటో-5ల వాళ్ళకు కూడా పాత బ్యారెల్ గారి ఛాంబర్ మాట ముఖ్యం. మన దగ్గర తూటా పెట్టె మీద 65 లేదా 70 మి.మీ. అని రాసి ఉంటుంది. బ్యారెల్ కింది ముద్రల్లో ఆ అంకె కోసం వెతికి, కనబడకపోతే ఛాంబర్ కొలిపించాకే కొనండి. విప్పి చూడటం మీ పని, కొలవడం, రిపేరు లైసెన్సు ఉన్న డీలర్ పని.

డాలస్ ట్రాప్
గన్‌స్మిత్ దగ్గర బట్టు విప్పాక చూసిందిది: యాక్షన్ స్ప్రింగు ట్యూబులో గట్టిపడ్డ తేనెలాంటి మడ్డి, స్ప్రింగు చుట్ల మధ్య దాకా. సాల్వెంట్‌లో గంట నానితే వచ్చింది. బఫరు బాగానే ఉంది. కొత్త రికాయిల్ స్ప్రింగు పక్కన పెడితే పాతది దాదాపు ఒకటిన్నర అంగుళం కురచ. రెండూ సరిచేశాక తేలిక అమరికతో ఔన్సు తూటాలు యాభై, ఒక్కటి ఇరుక్కుంది. డొప్పలు ఇప్పుడు ఎనిమిది అడుగుల దగ్గర పడుతున్నాయి. కర్రకు ఎపాక్సీ ఆరుతోంది.

కంచు రింగు
ఒకటిన్నర అంగుళం కురచ స్ప్రింగుతో బరువు తూటాలు పేల్చడమే ఆ పగులుకు కారణం అయి ఉంటుంది. ఫెజెంట్‌కు వెళ్ళేముందు స్టీలు రింగు మళ్ళీ ముందుకు మార్చడం మరవకండి, ఏటవాలు కంచు వైపే. ఆ అమరికను చిన్న కాగితం మీద గీసి కర్ర లోపల అతికించండి. పెట్టెలో వేరుగా ఉన్న కాగితం పొలంలో చేతికి దొరకదు.